బడిలో ఊరికి పనికొచ్చే వ్యాపారం: సోషల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ నేర్పాలనుకునే టీచర్లకు

మొదటి ఏడాది మేం పిల్లలకు నేర్పింది బజ్జీలు అమ్మడం. నవంబరు 14న బడి ఆవరణలో నాలుగు బల్లలు వేసి, అమ్మలు ఇళ్లలో వేయించి పంపిన బజ్జీలూ పునుగులూ పిల్లల చేత అమ్మించాం. రెండు వేల పైచిలుకు వచ్చింది. ఆ డబ్బు ఒక అనాథాశ్రమానికి ఇచ్చి ఫొటో దిగాం. అందరం సంతోషించాం. మర్నాడు క్లాసులో "లాభం ఎంత?" అని అడిగితే పిల్లలంతా ఆ రెండు వేల అంకే చెప్పారు. శనగపిండి ఎవరిది, నూనె ఎవరిది, గ్యాసు ఎవరిది అన్న ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? ఖర్చంతా అమ్మల నెత్తిన వేసి, వచ్చినదంతా మనం లెక్కపెట్టుకున్నాం. పైగా ఊళ్లో ఎవరి కష్టమూ తీరలేదు.

ఆ తర్వాత తప్పులు చేసుకుంటూ, దిద్దుకుంటూ ఒక పద్ధతికి వచ్చాం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. వారానికి రెండు పీరియడ్లు, ఎనిమిదో తరగతో తొమ్మిదో తరగతో, ఐదు వందల రూపాయల పెట్టుబడి ఉంటే ఇది ఎవరైనా చేయించవచ్చు. పదో తరగతిని మాత్రం వదిలేయండి, వాళ్ల టెన్షన్ వాళ్లకుంది.

మొదలుపెట్టే ముందు మీకు తేలాల్సిన విషయం

సోషల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ అనే మాట పిల్లల ముందు మొదటి రోజే వాడకండి. నోరు తిరగదు, అర్థమూ కాదు. నీళ్ల ఉదాహరణ చెప్పండి. ఎండాకాలం రోడ్డు పక్కన చలివేంద్రం పెడితే అది దానం. బస్టాండులో నీళ్ల బాటిల్ అమ్మితే వ్యాపారం. ఊళ్లో నీళ్ల ప్లాంటు పెట్టి, క్యాను అందరికీ అందే ధరకు ఇస్తూ, ఆ డబ్బుతోనే ఆపరేటరు జీతం, ఫిల్టర్ల ఖర్చు, కరెంటు బిల్లు వెళ్లదీస్తే అది మనం నేర్పబోయేది. ఈ మూడింటి తేడా తెలియడానికి మా పిల్లలకు ఒక్క పీరియడ్ పట్టింది.

ఏ ఆలోచన వచ్చినా రెండు ప్రశ్నలతో గీటు పెట్టి చూడండి. దీనివల్ల ఎవరి కష్టం తీరుతుంది? ఎవరూ చందా ఇవ్వకపోయినా వచ్చే ఏడు నడుస్తుందా? మా బజ్జీల దుకాణం రెండింటిలోనూ తప్పింది.

టైమ్ సంగతి. జూన్‌లో బడి తెరిచాక పుస్తకాలూ యూనిఫాంలూ సర్దుకునేసరికి నెల పోతుంది. జూలైలో మొదలుపెట్టి సంక్రాంతి సెలవుల లోపు అసలు పని ముగిసేలా చూసుకోండి. ఆ తర్వాత సిలబస్ తరుముతుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకైతే 2020 జాతీయ విద్యావిధానం చెప్పిన పది రోజుల 'సంచి లేని బడి'లో కొన్ని రోజులు దీనికి వాడుకోవచ్చు. హెడ్మాస్టరు గారికి నోటితో చెప్పి ఊరుకోకుండా, ఒక పేజీలో రాసి సంతకం తీసుకోండి. పిల్లలు గేటు దాటి బయటికి వెళ్లే రోజున ఆ కాగితం విలువ తెలుస్తుంది.

మొదటి మెట్టు: రెండు కథలు, రెండే

గొప్పవాళ్ల కథలు పది చెబితే పిల్లలు చప్పట్లు కొట్టి మరిచిపోతారు. రెండు చెప్పండి, మధ్యలో ఆపి లెక్క అడగండి.

నేను చెప్పే మొదటి కథ మధురై అరవింద్ కంటి ఆస్పత్రిది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 58 ఏళ్ల వయసులో ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై, 1976లో 11 పడకలతో మొదలుపెట్టారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా ఆపరేషన్లు చేసిన మనిషి. కట్టగలిగినవాళ్లు ఫీజు కడతారు, లేనివాళ్లకు ఉచితం. ఇక్కడ కథ ఆపేసి, "మరి ఆస్పత్రి ఎలా నడుస్తోంది?" అని అడుగుతాను. గవర్నమెంటు ఇస్తుంది సార్, ఫారిన్ వాళ్లు పంపుతారు సార్, ఇలా వస్తాయి జవాబులు. పది నిమిషాలు తర్జనభర్జన పడనిచ్చాక అసలు సంగతి చెబుతాను. ఫీజు కట్టేవాళ్ల డబ్బుతో ఉచితంగా చేసేవాళ్ల ఖర్చు గడుస్తుంది. అది సరిపోవాలంటే ఒక్కో ఆపరేషన్‌కయ్యే ఖర్చు బాగా తగ్గాలి. అందుకే డాక్టరు ఒక ఆపరేషన్ ముగించేసరికి పక్క బల్ల మీద ఇంకో పేషెంటు సిద్ధంగా ఉండేలా, మిగతా పనులన్నీ శిక్షణ పొందిన పల్లెటూరి అమ్మాయిలు చూసుకునేలా ఏర్పాటు చేశారు. బయటి నుంచి తెచ్చే లెన్సులు ఖరీదని 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారుచేసుకున్నారు. ఈ కథలో పిల్లలకు అందాల్సింది ఆ రెండు బల్లల సంగతి. జాలి ఉంటే చాలదు, ఖర్చు ఎక్కడ తగ్గించాలో కూడా చూసుకోవాలని వాళ్లకు అక్కడే తెలుస్తుంది.

రెండో కథ లిజ్జత్ అప్పడాలది. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తారు. అందులో పనిచేసేవాళ్లే యజమానులు. ఇది చెప్పాక, "మీ అమ్మమ్మో నాయనమ్మో పొదుపు సంఘంలో ఉన్నారా?" అని అడగండి. సగం క్లాసు చేతులెత్తుతుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి, ఆ ఊపులోనే ఆ జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు ఉద్యమం లేచిన సంగతి అప్పుడు చెప్పండి. ఎక్కడో బొంబాయిలో ఉన్న కథ వాళ్ల ఇంటి అరుగు మీదికి వస్తుంది. హోంవర్క్ ఒక్కటే: సంఘంలో ఉన్న మనిషిని అడిగి, మొదటి అప్పు ఎంత తీసుకున్నారు, దేనికి వాడారు, ఎలా తీర్చారు అని రాసుకురావాలి. మా క్లాసులో ఒక పిల్లాడు, "మా నాయనమ్మ గేదెను కొందట సార్, అది చచ్చిపోయిందట, అయినా అప్పు తీర్చిందట" అని రాసుకొచ్చాడు. నష్టం గురించి నేను విడిగా పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు.

రెండో మెట్టు: ఊరి నడక

ఐదుగురేసి జట్లు చేసి, ఒక్కో జట్టును ఒక్కో వీధికి పంపండి. టీచరో, తల్లిదండ్రుల్లో ఒకరో వెంట ఉండాలి. చేతిలో నోట్‌బుక్. చూసినది ఒక వైపు, ఎవరితో మాట్లాడారో, వాళ్లేమన్నారో రెండో వైపు. వాళ్లన్న మాట వాళ్లన్నట్టే రాయాలి, సొంత తెలివితేటలు కలపకూడదు.

తిరిగొచ్చాక బోర్డు నిండిపోతుంది. వీధి దీపం వెలగదు, కుక్కలు, కాలువ తూము దగ్గర కవర్లు పేరుకుపోయి నీళ్లు రోడ్డెక్కుతున్నాయి, ముసలమ్మకు మందుల చీటీ చదివిపెట్టేవాళ్లు లేరు. ప్రతి సమస్యకూ వ్యాపారమే మందు అనుకోవద్దు. వీధి దీపానికి పంచాయతీకి అర్జీ రాయించండి, అది వాళ్ల పని, చేయాల్సిందే. మందుల చీటీకి ఒక పిల్ల సాయంత్రం వెళ్లి చదివిపెడితే సరిపోతుంది, అది సాయం. వీటిని పక్కన పెట్టగా మిగిలినవాటిలోంచే ఏరుకోవాలి.

ఏరేటప్పుడు నేను చూసేవి ఇవి: పిల్లలు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి, మూడు నెలల్లో కొంతైనా మార్పు కంటికి కనబడాలి, పిల్లలకు దెబ్బ తగిలే పని కాకూడదు. తినే వస్తువుల జోలికి కొత్తవాళ్లు పోకండి. ఆహార రిజిస్ట్రేషన్ గొడవ ఒకటి, ఎవరికైనా కడుపునొప్పి వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. మా పిల్లలు కాలువ తూమును ఎంచుకున్నారు.

మూడో మెట్టు: అడగడం ఎలాగో నేర్పండి

మేం ఎక్కువగా తప్పు చేసిందీ, ఎక్కువగా నేర్చుకున్నదీ ఇక్కడే.

తూములో ఇరుక్కున్న కవర్లు ఆదివారం సంత నుంచి వస్తున్నాయని పిల్లలు కనిపెట్టారు. పలచటి కవర్లు కొత్తగా ఆపాల్సినవేమీ కావు. 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధించారు. సంతకు ఆ సంగతి తెలియదంతే. గుడ్డసంచులు అమ్ముదామన్నారు పిల్లలు. సంతలో నలభై మందిని అడిగారు: "గుడ్డసంచి ముప్ఫై రూపాయలకిస్తే కొంటారా అండీ?" దాదాపు అందరూ కొంటామన్నారు. బడి పిల్లలు అడుగుతుంటే ఎవరు కాదంటారు? పాత చీరలు పోగుచేసి, సంఘంలో ఉన్న ఒక తల్లి చేత ఇరవై సంచులు కుట్టించాం. సంతలో అమ్ముడుపోయినవి మూడు. అందులో రెండు మా స్టాఫే కొన్నారు.

పిల్లల మొహాలు మాడిపోయాయి. ఇది జరగాల్సిందే, మీరు మధ్యలో దూరి ఆపకండి. సంచులన్నీ టీచర్లే కొనేసి వాళ్లను ఓదార్చడం మరీ తప్పు.

తర్వాతి వారం ప్రశ్నలు మార్చాం. జరగబోయేది అడగొద్దు, జరిగినది అడగాలి అని నియమం పెట్టాను. "పిన్నిగారూ, పోయిన ఆదివారం కూరలు దేంట్లో పట్టుకెళ్లారు? ఇంట్లో సంచులున్నాయా? మరి తేలేదేం?" జవాబులు పూర్తిగా వేరేగా వచ్చాయి. ఇంట్లో సంచులు కుప్పలు. పెళ్లి తాంబూలాలకిచ్చినవి, బట్టల షాపువాళ్లిచ్చినవి, తలుపు వెనక మేకుకు వేలాడుతున్నాయి. కానీ ఒకామె పొలం నుంచి నేరుగా సంతకొస్తుంది. ఇంకొకాయన మిల్లు దిగి అటే వస్తాడు. సంచి లేక కాదు, ఆ వేళకు చేతిలో ఉండక. కూరలమ్మే ఆయన్ను అడిగితే ఇంకో సంగతి తెలిసింది. "కవర్లకే సంతకు నూట యాభై దాకా అవుతోందమ్మా, ఎవరైనా మాన్పిస్తే దణ్ణం పెడతా" అన్నాడు.

అప్పుడు ఒక పిల్ల, కిరాణా కొట్లో సోడా సీసాకు డిపాజిట్ కట్టించుకున్నట్టు మనం సంచికి కట్టించుకుంటే ఎలా ఉంటుందంది. ఇరవై కట్టి సంచి పట్టుకెళ్లాలి, వచ్చే సంతలో తెచ్చిస్తే పదిహేను వెనక్కి. ఆ ఆలోచన నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

నాలుగో మెట్టు: పెట్టుబడి అప్పుగా ఇవ్వండి

ఢిల్లీ ప్రభుత్వ స్కూళ్లలో 2021లో మొదలైన 'బిజినెస్ బ్లాస్టర్స్' కార్యక్రమంలో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి రెండేసి వేలు మూలధనం ఇచ్చారు. మన దగ్గర అంత అక్కర్లేదు. స్టాఫ్ రూములో తలా యాభై వేసుకుంటే ఐదు వందలవుతుంది. కానీ చందాగా ఇవ్వకండి. కాగితం రాయించుకుని అప్పుగా ఇవ్వండి, ఫలానా నెలలో తీర్చాలని గడువు పెట్టండి, వడ్డీ లేకుండా. ఊరికే వచ్చిన ఐదు వందలకూ తీర్చాల్సిన ఐదు వందలకూ తేడా పిల్లలు మొదటి వారంలోనే చూపిస్తారు. రంగు రిబ్బన్లు కొనాలన్న మాట మళ్లీ వినబడదు.

సంచికి కుట్టుకూలి పది, దారం, నాడాలు రెండు, మొత్తం పన్నెండు. నలభై సంచులకు నాలుగు వందల ఎనభై. కుట్టుకూలి దగ్గర గట్టిగా ఉండండి. "మన పిల్లల కోసమే కదా, ఊరికే కుట్టిస్తాలెండి" అని ఆ తల్లి అంటుంది. ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే బజ్జీల కథే మళ్లీ.

ఐదో మెట్టు: లెక్క

దీనికి మూడు నాలుగు పీరియడ్లు కేటాయించండి. మిగతావి కుదించినా ఇది కుదించకండి. లెక్కల టీచరును కూడా కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, పర్సెంటేజీలు ఆయనకూ ఇక్కడే సులువుగా దిగుతాయి.

డిపాజిట్ పద్ధతి పెట్టిన మొదటి సంతలో 22 సంచులు వెళ్లాయి. డబ్బాలో 440 రూపాయలు. పిల్లలు కేరింతలు. సోమవారం బోర్డు మీద 440 అని రాసి, "ఇందులో మనదెంత?" అన్నాను. అంతా మనదే అన్నారు. "వచ్చే ఆదివారం 22 మందీ సంచులు తెచ్చిస్తే?" ఒక్కొక్కరికి 15, అంటే 330 తిరిగివ్వాలి. మిగిలేది 110. సంచి ఉతకడానికి సబ్బు ఒక్కోదానికి రూపాయి, అంటే 22 పోతే 88. క్లాసు చల్లబడింది. 440 నుంచి 88కి దిగడం వాళ్లు కళ్లారా చూశారు. ఆ రోజు నుంచి రెండు డబ్బాలు పెట్టారు, ఒకదాని మీద 'మనది', రెండోదాని మీద 'వాళ్లది' అని స్కెచ్ పెన్‌తో రాసి. బ్యాంకులో డిపాజిట్ అంటే ఏమిటో తర్వాత చెప్పడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది.

రెండు వారాలకు ఒక పిల్ల చెయ్యెత్తింది. "సార్, సంచి తిరిగి తేకపోతేనే మనకు లాభం కదా? ఇరవై వచ్చింది, పన్నెండే ఖర్చు, ఎనిమిది మిగిలింది." నిజమే. తిరిగొచ్చిన సంచి మీద ఒక్కో వాడకానికి నికరంగా మిగిలేది నాలుగే. మూడుసార్లు తిరిగితే గానీ పన్నెండు రాదు, అయిదోసారికి ఆ ఎనిమిది మిగులుతుంది. ఆ తర్వాతి ప్రతి వాడకమూ పైన లాభం. అంటే సంచి అయిదుసార్లకు మించి తిరిగితేనే మనకు మేలు. కానీ అసలు ప్రశ్న అది కాదు. తిరిగి రాని సంచి ఇంట్లో మేకుకు వేలాడుతుంటే కాలువకు ఏం ఒరిగింది? డబ్బూ మంచీ వేర్వేరు దారులు పట్టే చోటు ఇదే. ఇలాంటి ప్రశ్న మీ క్లాసులో వస్తే పాఠం ఆపేసి దాని మీదే కూర్చోండి. పుస్తకంలో లేని పాఠం ఇది.

కొన్ని జాగ్రత్తలు. రోజు పద్దు అదే రోజు రాయాలి. ఇద్దరు పిల్లల సంతకాలుండాలి, నెలకోసారి ఆ ఇద్దరు మారాలి. లెక్క గోడ మీద అందరికీ కనబడాలి. సంతలో ఇప్పుడు సగం మంది ఫోన్‌పేనే అడుగుతారు. టీచరు సొంత ఫోన్ క్యూఆర్ పెట్టకండి. నేను పెట్టి నాలుక కరుచుకున్నాను. ఏది నా డబ్బో, ఏది పిల్లలదో తేల్చడానికి ఒక రాత్రంతా స్టేట్‌మెంట్ ముందు కూర్చున్నాను. బడి యాజమాన్య కమిటీ ఖాతాకు వచ్చేలా చేయించండి, కుదరకపోతే చిల్లర నోట్లతోనే నడపండి.

ఆరో మెట్టు: మంచిని కూడా లెక్కపెట్టండి, నిజాయితీగా

డబ్బుకు ఒక పట్టీ, పనికి ఒక పట్టీ. మా పిల్లలు సంచికి నాలుగు కవర్లు తగ్గాయని లెక్కేసి, గుణించి, వేలల్లో అంకె రాశారు. "ఈ సంచి లేకపోయినా ఇంటి నుంచి సంచి తెచ్చుకునేవాళ్లు ఇందులో లేరా?" అన్నాను. తర్వాతి సంతలో ప్రతి అయిదో మనిషిని అడిగి చూస్తే కొంతమంది అలాంటివాళ్లే. అంకె తగ్గింది. తగ్గించి రాయడానికి పిల్లలకు మనసొప్పలేదు, అయినా రాశారు. దీంతోపాటు వారానికోసారి తూము దగ్గర ఒకే చోట నిలబడి ఫొటో తీయించండి. అంకెల కంటే సర్పంచికి ఆ ఫొటోలే అర్థమవుతాయి.

చూస్తూ ఉండాల్సినవి

పని పంపకం. ఎవరూ చెప్పకుండానే ఉతకడం ఆడపిల్లల మీద పడింది, డబ్బు తీసుకోవడం మగపిల్లల చేతికి వెళ్లింది. మూడు వారాల దాకా నేనూ గమనించలేదు. చీటీలు వేసి పనులు మార్చండి. కాలువ దగ్గరికి ఎవరిని పంపుతున్నారు, ఎవరు బడిలోనే ఉండిపోతున్నారు అన్నది కూడా చూడండి. ఊళ్లో ఉన్న హెచ్చుతగ్గులన్నీ బడిలోకి నడిచి వస్తాయి.

సంతలో రెండు గంటలు చాలు, చీకటి పడేలోపు ఇంటికి పంపాలి, క్లాసు ఎగ్గొట్టి అమ్మకాలు వద్దు. తల్లిదండ్రుల సంతకం లేని పిల్ల బడిలో లెక్క రాస్తుంది, సంతకు రాదు.

పోటీల పిచ్చి ఇంకోటి. జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి అంటూ పీపీటీలు అడుగుతారు. వెళ్లండి, తప్పులేదు, కానీ పని మొదలై కనీసం రెండు నెలలయ్యాకే. ముందే వెళితే పిల్లలు చేయబోయేదాన్ని చేసినట్టు చెప్పడం నేర్చుకుంటారు.

పండగ సరుకుతో మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. పక్క సెక్షన్ పిల్లలు వినాయక చవితికి మట్టి విగ్రహాలు చేశారు. బాగా చేశారు కూడా. సరిగ్గా పండగ ముందు మండల కేంద్రంలో మట్టి విగ్రహాలు ఉచితంగా పంచారు. ఊరికే వస్తుంటే ఎవరు కొంటారు? నిమజ్జనం జరిగే కాలువ బాగుపడిందా అంటే పడింది. దుకాణం నడిచిందా అంటే లేదు. వాళ్ల చేత ఆ రెండు వాక్యాలూ రికార్డులో రాయించాం, మార్కులూ వేశాం.

మార్కుల సంగతి

లాభాన్ని బట్టి మార్కులు వేయకండి. నేను మూడే చూస్తాను: నోట్‌బుక్‌లో జనం మాటలు ఎంత నిజంగా రాశారు, పద్దు సరిపోయిందా, మొదటి ఆలోచనను ఎందుకు మార్చుకున్నారో సొంత మాటల్లో చెప్పగలరా. చివరిది నోటితోనే అడుగుతాను. రాయమంటే అందరూ ఒకే జవాబు కాపీ కొడతారు.

చివరి మెట్టు: అప్పగింత

సంక్రాంతి తర్వాత ఒక పీరియడ్‌లో లెక్కలు మూయించండి. ముందు అప్పు తీర్చాలి. మిగిలినదాన్ని ఏం చేయాలో పిల్లలే ఓటేసి తేల్చాలి, మీరు సలహా ఇవ్వకండి. మావాళ్లు కొంత కొత్త సంచులకు అట్టేపెట్టి, మిగతాది తూము దగ్గర జాలీ వేయించడానికి పంచాయతీకి ఇస్తామన్నారు. ఒక్క రూపాయి కూడా పంచుకోకపోవడం అన్యాయమని ఒకడు వాదించాడు. వాడి వాదన కూడా పుస్తకంలో రాయించాను.

ఏప్రిల్లో సెలవులకు ముందు కింది తరగతి నుంచి అయిదుగురిని పిలిపించి, రెండు డబ్బాలు, పద్దు పుస్తకం, సంచుల మూట వాళ్ల చేతికివ్వండి. 'వాళ్లది' డబ్బాలో డబ్బు, బయట ఉన్న సంచుల సంఖ్య సరిపోయాయో లేదో కొత్తవాళ్లే లెక్కపెట్టి సంతకం చేయాలి. మాకు పోయినసారి తొంభై రూపాయలు ఎక్కువ తేలింది. సంచికి పదిహేను చొప్పున, పద్దుకెక్కని ఆరు సంచులు బయట ఉన్నాయన్నమాట. ఎవరి దగ్గరున్నాయో జూన్‌లో వెతకాలి.